గీకేసిన మైనం

నది ఒడ్డు పార్కులో అల ఆకారంలో కట్టిన సిమెంటు అరుగు ఒకటుంది. కూర్చుంటే నడుము నొప్పి, పడుకుంటే జారుడు. అది దేనికో కట్టించినవాళ్లకే తెలియదు. స్కేట్‌బోర్డు పిల్లలు మాత్రం కనిపెట్టారు. రోజూ దాని అంచున అంటుకున్న తెల్లటి జిడ్డు చూసి, పార్కు ఊడ్చే ఆవిడ విసుక్కునేది.

"అది మురికి కాదు పిన్నీ, కొవ్వొత్తి మైనం," అంది ఆ స్కేటింగు గుంపులో ఒకతె, బట్టల కొట్టులో పనిచేసే పిల్ల. కాలు నేలమీద నిలవదని అందరూ ఆ పిల్లను గాలిపటం అనేవారు. "మైనం ఉంటే బోర్డు అంచుమీద జారుతుంది. లేకపోతే టక్కున పట్టేసి మనిషిని విసిరేస్తుంది."

"విసిరితే నదిలో పడతావు. స్నానమైనా అవుతుంది."

"నీ చీపురు అందిస్తే పట్టుకుని ఎక్కుతాలే."

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ముచ్చట నడకసంఘం పెద్దాయనకు నవ్వుతూ చెప్పేసింది. ఆయన నవ్వలేదు.

"వీళ్ల గోలతో ప్రశాంతంగా నడవలేకపోతున్నాం. ఆ మైనం గీకెయ్యమ్మా. వాళ్లకి చెప్పకు. ఒకసారి పడితే బుద్ధొస్తుంది. నీ ఉద్యోగం పర్మనెంటు సంగతి నేను చూసుకుంటా."

చదివేవాళ్లు తొందరపడి ఆవిడను తిట్టకండి. ఏళ్ల తరబడి రోజుకూలీకి ఊడ్చిన మనిషి. వేడినీళ్లు పోసి, రేకుముక్కతో అంచంతా శుభ్రంగా గీకింది.

సాయంత్రం గాలిపటం వచ్చి, "పిన్నీ, చూడు," అంటూ అరుగెక్కింది. ఆవిడ నోరు తెరిచింది. బెంచీ మీంచి పెద్దాయన తననే చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది.

బోర్డు పట్టేసింది. మోకాలు అరుగు కిందున్న రాతిమెట్టుకు తగిలిన చప్పుడు బెంచీ దాకా వినబడింది.

"పీడ విరగడైంది," అన్నాడు పెద్దాయన. నడిచేవాళ్లు తలలూపి, ఆగకుండా నడిచారు. సీటుకు నెత్తురంటుతుందని ఆస్పత్రికి ఎవరూ కారు ఇవ్వలేదు.

పిల్ల ఆవిడ చెయ్యే పట్టుకుంది. "పొద్దున వానేమైనా పడిందా పిన్నీ? మైనం ఎలా పోయింది?"

"పడింది," అంది ఆవిడ.

ఆ కాలు మళ్లీ సరిగ్గా వంగలేదు. నిలబడలేని మనిషి మాకెందుకని కొట్టువాళ్లు మానిపించారు. ఇక్కడ ఆవిడకు ఉద్యోగం ఖాయమైంది. నడకసంఘం సభలో ఆ ఉద్యోగం కాగితం చేతికిస్తూ, నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు.

"మాట్లాడాల్సిన రోజున నోరు మూసుకున్నదాన్ని, ఇవాళ ఏం మాట్లాడను?" అంది. "ఆ మైనం గీకమన్నది పెద్దాయన. గీకింది నేను. చూసి నడిచిపోయింది మీరు. ఎదుటి మనిషి పడతాడని తెలిసీ ఊరుకున్నవాళ్లంతా తోసినవాళ్లే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడా కాగితం వెనక్కి ఇవ్వలేదు.