కవరుతో పాతిన తోట

వేళ్ళ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరు తీయకుండానే మొక్కను గుంటలోకి దించాడు కూలీ. పైకి మట్టి లాగి, కాలితో తొక్కి, పక్క గుంటకు పోయాడు.

మిషనక్క కంచె దగ్గర నిలబడిపోయింది. గుమ్మంలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంది కాబట్టి వాడంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఈ తోట సర్కారు దయతో వచ్చిందని శిలాఫలకం మీద చెక్కించుకున్నారు గానీ, అది పచ్చి అబద్ధం. చెత్త లారీలకు అడ్డంగా పడుకుని, లాఠీ దెబ్బలు తిని, డంపింగు యార్డును అందరి తోటగా మార్చాలని ఒప్పించింది ఆ వాడ జనమే. రకరకాల చెట్లు, ప్రతి చెట్టుకూ పేరు పలక, పిల్లలొచ్చి చూసి నేర్చుకునే చోటు. అంత కొట్లాడి సాధించుకున్నది ఇప్పుడు ప్లాస్టిక్కులో ఊపిరాడక చావబోతోంది.

"అన్నా, కవరు కొయ్యవా? వేళ్ళెటు పోతాయి?"

"నన్నేం చెయ్యమంటావమ్మా? గుంటల లెక్కన కూలి. కోస్తూ కూర్చుంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు. పైగా కొయ్యొద్దని కాంట్రాక్టరే చెప్పాడు."

"ఎందుకొద్దన్నాడు?"

కూలీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎండాకాలం దాటి బతికితేనే తోట. చస్తే, ఈ నేలలో ఏదీ మొలవదని తేల్చేసి గోడౌన్లకిచ్చేస్తారట. ఆ గోడౌన్లు ఎవరికో తెలుసా? కాంట్రాక్టరు బావమరిదికి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం కుళాయి దగ్గర వాడంతా కూడింది. కూడి ఏం లాభం? మళ్ళీ అర్జీ పెడదామన్నాడు సంఘం పెద్ద. ఫొటోలు తీసి పంపుదామంది ఆసుపత్రిలో పనిచేసే నర్సు.

"ముందు ఆ కూలీల్ని తన్నాలి వదినా!" అన్నాడు ఆటో నడిపే మరిది.

"వాళ్ళనెందుకురా తన్నడం? నువ్వు ఓనరు చెప్పినట్టు ఆడట్లేదా? వాళ్ళూ అంతే. మన అర్జీ బల్లలు దాటేలోపు వేళ్ళు చుట్టచుట్టుకుని చస్తాయి. రేపు పొద్దున్నే మనమే తీద్దాం. కవర్లు కోసి మళ్ళీ నాటుదాం."

"సర్కారు మొక్కలు పీకితే కేసు పెడతారమ్మా," అన్నాడు పెద్ద.

"పెట్టక, మెళ్ళో దండేస్తారా?"

ఒక్కరూ నవ్వలేదు. వస్తామనలేదు, రామనీ అనలేదు. ఎవరి బిందె వాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయారు. లారీల ముందు పడుకున్న మనుషులేనా వీళ్ళు? ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పొద్దున తోటలోకి వెళ్ళింది ముగ్గురే, ఆమె, మరిది, నర్సు. కత్తెరతో కవర్లు కోస్తుంటే కూలీ కాసేపు చూశాడు. తర్వాత పార తెచ్చి, నిన్న తాను పూడ్చిన గుంటనే తవ్వడం మొదలుపెట్టాడు.

అంతలో పోలీసు జీపుతో సహా దిగాడు కాంట్రాక్టరు. "చూడండి సార్! బంగారంలాంటి మొక్కల్ని పీకిపారేస్తున్నారు. బాగుపడటం ఇష్టం లేదు వీళ్ళకి!"

మిషనక్క కోసిన కవరును, అందులోంచి తీసిన మొక్కను ఎస్సై ముఖం ముందు పెట్టింది. వేళ్ళు మెలికలు పడి ఉన్నాయి. ఆయన చూశాడు. అర్థం కాకపోలేదు.

"అదంతా కోర్టులో చెప్పుకో. ఎక్కు."

నలుగురినీ జీపులోకి తోశారు. అప్పటికి వాడంతా కంచె దగ్గరికి చేరింది. గుడ్లప్పగించి చూస్తోంది. "ఏం చూస్తున్నారు? సినిమానా?" అని గొంతు చించుకుంది మిషనక్క. ఒక్కరైనా జీపుకు అడ్డం పడతారనుకుంది. ఎవరూ పడలేదు.

కూరగాయల కత్తి పట్టుకున్న మిషనక్క అత్తగారు, జీపు వైపు కన్నెత్తయినా చూడకుండా, కంచె తీగ పైకెత్తి లోపలికి దూరింది. వెనకాలే సంఘం పెద్ద. ఆ వెనక వాడ. చేతికందిన కత్తి, కొడవలి, బ్లేడు పట్టుకుని గుంటల మీదికి వంగారు. మిగతా కూలీలూ పారలతో వాళ్ళ పక్కన చేరారు. కాంట్రాక్టరు అరుస్తున్నాడు. ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళకూ ఎవర్ని పట్టుకోవాలో తోచలేదు.

జీపు కదిలింది. మిషనక్క జీపు వెనకనుంచి తల బయటపెట్టింది.

"అత్తా! కాడ పట్టి లాగొద్దు! కింద చెయ్యేసి మట్టిగడ్డతో ఎత్తు!"

"నువ్వు నోరు మూసుకుని జైలుకి పోవే! మేం చూసుకుంటాంగా!"