ఖాళీ జీపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: నాయన, అమ్మ, జేజి (నాయనకు అమ్మ), నేను. మధ్యాహ్నం అన్నాల తర్వాత ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మెకానిక్ కమాల్ బాషా. వాకిట్లో జీపు.

డైరీ నేను ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను. ఏడో తరగతిలో హేమలత టీచరు డైరీ రాయమన్నప్పుడు, ఏం రాయాలో తెలియక మూడు రోజులు ఉత్త పేజీలే చూపించాను. "ముందు ఇంట్లో ఎవరెవరున్నారో రాయి జీవితా, తర్వాత అదే నడుస్తుంది" అన్నారు. నిజంగానే నడిచింది. పోను పోను ఆ రోజు జీపు ఎక్కినవాళ్ళ పేర్లు కూడా రాయడం అలవాటయింది. మనుషులతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. వాళ్ళ పేర్లు రాసుకోవడం మాత్రం ఇష్టం.

మా నాయన జయకర్‌కు జీపే బతుకు. ఆయన కొనేనాటికే అది పాతది. కాగితాల్లో 1986 అని ఉంటుంది. వెనక టార్పాలిన్ కప్పు, ముందర రెండు పక్కలా నాయన చేయించిన రేకు తలుపులు. మా ఊరు ముద్దనూరు రోడ్డుకు ఐదు కిలోమీటర్లు లోపల. బస్సు రాదు. ఆసుపత్రికైనా, సంతకైనా, ఆదివారం జమ్మలమడుగు చర్చికైనా అందరికీ మా జీపే దిక్కు.

అది ఖాళీగా ఊరు దాటడమంటే మా ఊళ్ళో తప్పు చేసినట్లే. ఇంజను చప్పుడు వినపడితే చాలు, పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి ఎక్కుతారు. ఎక్కించుకోకపోతే "మేం కంటికి ఆనలేదా జయకరూ?" అని వారం దాకా దెప్పుతారు. నాయన ఎవర్నీ దిగమనడు. అనలేడు. ఆ గుణమే నాకూ వచ్చిందని అమ్మ అంటుంది.

ఏప్రిల్లో పెళ్ళివాళ్ళను పులివెందులలో దింపి నాయన, అమ్మ తిరిగి వస్తున్నారు. ఒక కల్వర్టు మీద గతుకు తగలగానే స్టీరింగు నాయన చేతుల్లో జల్లెడలా ఆడింది. బ్రేకు వేసినా ఆ ఊపు ఆగలేదు. జీపు రోడ్డు దిగి కంపచెట్లలోకి పోయి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, అమ్మ మళ్ళీ ఆ జీపు ఎక్కలేదు. మిగిలిన దారంతా పాల ఆటోలో వచ్చింది.

ఆ తర్వాత మూడు చోట్ల బాగుచేయించారు. ప్రతిసారీ సరిపోయిందన్నారు. ప్రతిసారీ నాలుగు రోజులకు నాయన ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చేవాడు.

నేను పదో తరగతి పాసయ్యాను. జమ్మలమడుగు కాలేజీలో సీటు వచ్చింది. రేపు కాక పై సోమవారం మొదలు. పోయి రావడానికి ఈ జీపు తప్ప వేరే దారి లేదు. అమ్మ మాత్రం జీపును ప్రొద్దుటూరు గుజిరీకి, పాత ఇనుము కింద ఇచ్చేయమని పట్టుబట్టింది. గుజిరీ ఆయన రేపు వస్తానన్నాడు. అందుకే ఈ ఆదివారం నాయన చివరిసారిగా కమాల్ బాషాను అడిగి తెచ్చిన బైకు మీద తీసుకొచ్చాడు. నాపరాళ్ళ గనుల జీపులను ముప్పై ఏళ్ళు బాగుచేసిన మనిషి. తెల్లటి గడ్డం, మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకలున్న ఖాకీ ప్యాంటు.

"ఎన్ని తావుల చూపిచ్చినావప్పా?" అన్నాడు, జీపు చుట్టూ తిరుగుతూ.

"పులివెందుల్లో చక్రాలకు బ్యాలెన్సింగు చేసినారు మామా. జమ్మలమడుగులో టైరాడ్ ఎండ్లు మార్చినారు. మీ ప్రొద్దుటూర్లోనే స్టీరింగు బాక్సు ఇప్పి బిగిచ్చినారు."

"నన్నొకన్ని ఇడిసిపెట్టి ఊర్లన్నీ తిప్పినావు."

"నువ్వు పని మానేసినావనిరి."

"మానేసింది షెడ్డు. చెవులు మానేయలా."

జాకీ పెట్టి ముందరి చక్రం లేపాడు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. లోపల సన్నగా టక్కుమంది. "ఇన్న్యావా? కింగ్‌పిన్ను ఒదులయింది" అన్నాడు. చక్రం కుడికీ ఎడమకీ తిరిగే కీలు అది. దాన్ని విప్పి, అడుగున ఉన్న పలుచటి రేకు ఒకటి తీసేసి, మళ్ళీ బిగించాడు. తర్వాత తన సంచిలోంచి స్ప్రింగు కాటా తీశాడు. మా ఊళ్ళో ఎండుమిరపకాయలు తూచే కాటా లాంటిదే. దాని కొక్కెం ఆ కీలుకు తగిలించి లాగాడు. "ఆరు కిలోల బరువు పడితే గాని కదలగూడదు. ఇప్పుడు సూడు, ఆరు." రెండో పక్కా అలాగే చేశాడు.

నాయన జీపు స్టార్ట్ చేశాడు. చప్పుడు వినగానే ఎప్పటిలాగే మనుషులు వచ్చేశారు. అందరికంటే ముందు మా జేజి సుబ్బమ్మ ఎక్కి కూర్చుంది.

"నువ్వు యాడికి మా?" అన్నాడు నాయన.

"రోడ్డు మీద బోండాలు ఏస్తాంటాడు. గాలికి పోయొస్తా పో."

తొమ్మిది మందితో పోయి అరగంటలో వచ్చారు. "అరవైలో పోయినా. రాయి మాదిరి ఉండాది" అని నాయన దిగుతూనే చెప్పాడు.

అమ్మ గడపలో నిలబడి ఉంది. "పోయినసారీ ఇదే మాట చెప్తిరి. అంతకు ముందూ ఇదే. బాషన్నా, నిన్ను తప్పు పట్టేది కాదు. రేపు ఆయప్ప వస్తాడు, ఇచ్చేస్తాండాం."

"మరి పాప కాలేజీ?" అన్నాడు నాయన మెల్లగా.

"ఒక ఏడాది ఇంట్లో ఉంటే ఏమీ అరిగిపోదులే. కుట్టుమిషను నేర్చుకుంటాది."

నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. నాకు ఒక విషయం తెలుసు. మూడు వారాల నుంచి తెలుసు. రెండుసార్లు నాయన దగ్గరికి పోయి "నాయనా" అన్నాను కూడా. "ఏం పాపా?" అంటే "ఏం లేదు" అని వచ్చేశాను. నలుగురు మెకానిక్‌లకు తెలియనిది నాకు తెలిసిందంటే ఎవరైనా నవ్వరా?

కానీ గుజిరీ ఆయన వచ్చేది రేపే.

లోపలికి పోయి డైరీ తెరిచాను. డైరీనే చేతికివ్వడం నా వల్ల కాదు, అందులో ఇంకా చాలా ఉన్నాయి. కావాల్సిన నాలుగు రోజులూ ఒక కాగితం మీదికి ఎక్కించాను. ఆ కాగితాన్ని మడిచి, టీ గ్లాసుతో పాటు కమాల్ బాషాకు ఇచ్చాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఏంది పాపా ఇది? బిల్లా?"

తల అడ్డంగా ఊపాను.

"అద్దాలు తేలేదు. నువ్వే సదువు."

నాయన, అమ్మ, జేజి, ప్రహరీ అవతల ఇంకా నిలబడి ఉన్న ఇద్దరు, అందరూ నా వైపు చూశారు. కాగితం తీసుకున్నాను. దాన్నే చూస్తూ చదివాను.

"ఫిబ్రవరి తొమ్మిది. జమ్మలమడుగు చర్చికి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పదమూడు మంది. జీపు బాగా నడిచింది.

"మార్చి రెండు. ప్రొద్దుటూరికి పన్నెండు మంది. బాగుంది. వచ్చేటప్పుడు నాయన ఒక్కడే. స్టీరింగు ఊగిందని అన్నం తింటూ జేజితో అన్నాడు.

"ఏప్రిల్ ఇరవై. పులివెందులకు పదకొండు మంది పెళ్ళివాళ్ళు. బాగుంది. వచ్చేటప్పుడు నాయన, అమ్మ."

అక్కడ తల ఎత్తాను. అమ్మ కొంగు సర్దుకుంది.

"మే ఆరు. జమ్మలమడుగు మెకానిక్ దగ్గరికి. జీపులో ఎనిమిది మంది. మెకానిక్ నడిపి చూసినప్పుడు వాళ్ళెవరూ దిగలేదు."

కమాల్ బాషా టీ గ్లాసు కింద పెట్టాడు. "దిగలేదా?"

"ఎట్ల దిగమంటాం మామా? సంతకని వచ్చినోళ్ళు, ముసిలోళ్ళు..." అని నాయన నసిగాడు.

"పులివెందుల్లో?"

"ఆడ ఆరుగురు ఉన్నట్లుంది. బియ్యం మూటలు కూడా."

బాషా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే, ఏం రోగివప్పా! డాక్టరు కాడికి పోయేటప్పుడల్లా జరం తగ్గిచ్చుకోని పోతాండావే! నేను కూడా ఇప్పుడు అట్లే సూసినా గదా, ఈయమ్మను బోండాలకు తిప్పుకోని."

"నా బోండాలేం చేసినాయిలే నిన్ను?" అంది జేజి.

ఆయన అప్పటికే లేచి వాకిలి ఆ చివరికి పోయాడు. నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, జీపును పక్క నుంచి చాలాసేపు చూశాడు.

"ఎనక సూడు, తోక లేపిన కోడి మాదిరి ఉండాది. కమాన్‌లో పట్టీ ఎప్పుడు ఏపిచ్చినావు?" అన్నాడు. జీపు బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగే కమాను.

"క్రిస్మస్సుకు ముందర. మనుషులెక్కితే ఎనక నేలకు కూచుంటాండె. రెండు పక్కలా ఒక్కో పట్టీ ఎక్కువ ఏపిచ్చినా. ఈ దిక్కు అందరూ ఏపిచ్చేదే గదా మామా."

గోడకు ఆనించిన నా సైకిల్‌ను బాషా తెచ్చాడు. హ్యాండిల్ ముట్టుకోకుండా సీటు పట్టుకుని తోశాడు. అది చక్కగా ముందుకు పోయింది.

"సక్కంగ ఎందుకు పోయింది? ముందర చక్రాన్ని పట్టుకున్న ఈ కడ్డీ ఎనక్కి వాలి ఉండాది గాబట్టి. జీపు కీలు కూడా అట్ల వాలి ఉండల్ల. నువ్వు ఎనక పట్టీలేసి లేపితివి, ముందర ఆ వాలు పాయె. కీలు నిలువునా నిలబడె. ఇంగ చక్రానికి దావ తెలీదు, గతుకు తగిలితే కొట్టుకుంటాది. మనుషులెక్కితే ఎనక దిగుతాది, వాలు వస్తాది, బాగుంటాది. మనుషులు దిగితే మళ్ళీ మొదులు. కింగ్‌పిన్ను ఒదులు కూడా దానికి తోడు."

"ఇప్పుడేం చెయ్యల్ల?"

"పట్టీలు తీసెయ్యల్ల."

నాయన తల గోక్కున్నాడు. "తీస్తే పదమూడు మంది పట్టరు మామా."

"పట్టరు. ఎనిమిది మంది. అంతే."

"మిగిలినోళ్ళను దిగమనేది ఎవురు?" అంది జేజి. "వీడా? వీనికి నోరు యాడిది?"

"ఈ పాపను నిలబెట్టండి తలుపు కాడ. పేర్లు బాగా రాస్తాది" అన్నాడు బాషా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాగితం నోటికి అడ్డం పెట్టుకుని.

వెనక చక్రాలు విప్పి పట్టీలు తీయడానికి రెండు గంటలు పట్టింది. పట్టీలను బిగించిన యూ బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. నాయన కిరసనాయిలు పోసి, పానాకు ఇనుప గొట్టం తొడిగి, కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. నేను నట్లు వరుసగా గోనెసంచి మీద పెట్టాను. అమ్మ బయటికి రాలేదు కానీ, కిటికీ దగ్గర బియ్యం ఏరుతూనే ఉంది. అవి పొద్దున్నే ఏరిన బియ్యం.

జీపును కిందికి దించినప్పుడు దాని వీపు చదునుగా ఉంది. నాయన ఇంజను స్టార్ట్ చేశాడు. మళ్ళీ మనుషులు వచ్చారు. జేజి వెనక మెట్టు మీద కాలు పెట్టింది.

"నేనొక్కదాన్ని ఎంత బరువుంటా?"

నాయన స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు. "దిగు మా."

"ఏందిరా?"

"దిగు మా. ఎవురూ ఎక్కద్దండి. ఈ పొద్దు ఖాళీగా పోవల్ల."

నాయన ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. "మొదుటే కన్నతల్లిని దించినాడు సూడండి" అని జేజి ఊరికే గొణుగుతూ దిగింది. కానీ ఆమె పెదవుల మీద నవ్వు ఉంది.

నాయన, బాషా ఇద్దరే పోయారు. ఇంజను చప్పుడు దూరమై, వినపడకుండా పోయింది. ముప్పావుగంట తర్వాత మళ్ళీ వినపడింది. నాయన దిగి అమ్మ ఉన్న కిటికీ వైపు పోయాడు.

"గతుకుల మీద రెండుసార్లు అరవైలో పోనిచ్చినా మే. ఊగలా. చేతులు కూడా ఇడిసినా."

"చేతులు ఇడిసినావా?" అంది అమ్మ లోపల నుంచి.

"మామ ఇడవమనె."

"సక్కంగ పాయె చెల్లెలా, ఈ సైకిల్ మాదిరి" అన్నాడు బాషా, చేతులు తుడుచుకుంటూ. "గుజిరీ ఆయనకు ఫోన్ చేసెయ్‌ప్పా."

నేను జీపు దగ్గరికి పోయి, ముందర సీట్లో, సోమవారం నుంచి నేను కూర్చోవాల్సిన చోట కూర్చుని చూశాను. ఎండకు సీటు ఇంకా వేడిగా ఉంది. లోపల ఇనుము వాసన, కిరసనాయిలు వాసన. నాయన జేబులోంచి ఫోన్ తీసి, అమ్మ ముఖం కోసం చూస్తున్నాడు.

అమ్మ చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. నేరుగా నా దగ్గరికి వచ్చి తలుపు తెరిచింది.

"దిగు."

సీటు అంచు పట్టుకున్నాను. "బాగయింది అమ్మా" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఖాళీగా పోయి చూశారు కదా."

"నువ్వు సదివింది ఇన్న్యాలే. నాయన, అమ్మ అని సదివితివే. ఆ ఇద్దురమే మళ్ళీ పోతాం. అదే రోడ్డు, అదే కల్వర్టు. నేను కూచోని సూడకుండా నిన్ను ఎట్ల కూచోబెడతా?"

"ఆయప్పకు ఫోన్ చేసేదా?" అన్నాడు నాయన.

"వచ్చినంక చేస్తువులే. ముందు బండి తియ్యి."

"నేనూ వస్తా" అన్నాను.

"నువ్వుంటే బరువు" అంది అమ్మ. కొంగు నడుములో దోపుకుని నా చోట్లో కూర్చుంది. రెండు చేతులతో ముందరి కడ్డీ పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వదిలి రేకు తలుపు లాగింది. అది ఒక్కసారికి పడదు. రెండోసారి, నేను పక్కకు జరిగేలోపే, గట్టిగా వేసేసుకుంది.