కర్రవాడి కుడిచేయి

నేను ఒక కత్తుల వీడియో ఆటను. పుట్టినప్పుడు నాకు బీరువా అంత ఒళ్లుండేది. విశాఖ బీచ్ దగ్గరి ఆటల హాల్లో నిలబడి, వచ్చినవాళ్లందరి చేతా కత్తులు, బల్లేలు, కర్రలు తిప్పించేదాన్ని. తరవాత ఇళ్లల్లో ఆడుకోవడానికని నన్ను ఒక డిస్కులోకి కుదించారు. అలా విజయనగరంలో హైమ ఇంటికి చేరాను. మనుషులు చిత్రమైనవాళ్లు. ఒకరినొకరు పొడుచుకోవడానికి చాప వేసుకుని, మధ్యలో మరమరాల గిన్నె పెట్టుకుంటారు.

హైమ తండ్రి బంగారయ్య కర్రసాము గురువు. మొదట నన్ను చూసి నవ్వాడు.

"సెమట పట్టకుండా యుద్ధమేటే?"

నాలో కర్ర తిప్పే వీరుడొకడు ఉన్నాడని తెలిశాక మాత్రం ఆయనే ముందు కూర్చునేవాడు. రిమోట్ మీద ఎడమ బొటనవేలితో వాణ్ణి నడిపేవాడు, కుడి బొటనవేలితో కొట్టేవాడు. కత్తి పట్టిన హైమ గెలిచిన రోజు లేదు.

పైడితల్లి జాతరకు ముందురోజు పొద్దున హైమ గెలిచింది. మళ్లీ గెలిచింది. మొదట కేరింతలు కొట్టింది. తరవాత ఆమె గొంతు మారింది.

"నానా, కావాలనే ఓడిపోతన్నావా?"

"నేదే. నొక్కుతూనే ఉన్నాను."

నొక్కడం లేదు. నాకు అందుతున్నది ఎడమచేతి కదలిక ఒక్కటే. కర్రవాడు ముందుకు వస్తున్నాడు, వెనక్కి పోతున్నాడు, కర్ర మాత్రం లేవడం లేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు కత్తుల చప్పుడు తప్ప నోరు లేదు. ఆయన కుడి బొటనవేలు కదలడం లేదని హైమే చూసింది.

మర్నాడు జాతరలో బంగారయ్య కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న హైమ పొట్ట మీది సొరకాయను కత్తితో ఒక్క వేటున నరకాలి. ఏటా చేసేదే.

"రేపు వద్దు నానా. నీ సెయ్యి బాగోనేదు."

"తిమ్మిరెక్కిందంతే. మానేస్తే నా శిష్యులు ఏటనుకుంటారు?"

"అయితే ఇప్పుడే నరుకు. నా మీద కాదు, తలగడ మీద."

ఆయనకు రోషం వచ్చింది. వంటింట్లోంచి సొరకాయ తెచ్చి తలగడ మీద పెట్టాడు. గంతలు తానే కట్టుకున్నాడు. కత్తి లేచింది. దిగినప్పుడు చప్పుడు మెత్తగా వచ్చింది. సొరకాయ చెక్కుచెదరకుండా పక్కకు దొర్లింది. గదంతా దూది ఎగిరింది.

గంతలు విప్పి, తెగిన తలగడ కేసి చూస్తూ ఉండిపోయాడు. హైమ రెండు చేతులూ తన పొట్ట మీద పెట్టుకుని నిలబడింది.

"ఆస్పత్రికి ఎల్దాం పదమ్మా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. ప్రాణం దక్కింది, కుడిచేయి దక్కలేదు. ఆ జాతరలో సొరకాయ వేటు జరగలేదు.

ఇప్పుడు సాయంత్రాలు తండ్రీకూతుళ్లు ఒకే రిమోట్ పట్టుకుంటారు. కర్రవాణ్ణి ఆయన ఎడమచేత్తో నడుపుతాడు, కొట్టే మీటలు హైమ నొక్కుతుంది. నేను ఆడించే శత్రువు మీద గెలిచినప్పుడల్లా ఇద్దరూ హాయిగా నవ్వుకుంటారు.

ఈమధ్య కర్రవాడి అడుగులు కాస్త ఆలస్యంగా పడుతున్నాయి. హైమ ఇంకా గమనించలేదు.