దారం లేని మిషను

దారం లేకుండా మిషను నడుస్తోంది.

సూది దిగుతోంది, లేస్తోంది. గుడ్డ ముందుకు జరుగుతోంది. గుడ్డ మీద కుట్టు పడటం లేదు — వరసగా చిల్లులు మాత్రమే.

టక టక టక టక... రేకు చూరు మీద సన్నటి వాన పడుతున్నట్టు.

ఆమె కాలి పక్కన నేల వెచ్చగా ఉంది. అక్కడ ఒక కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, కొసన తెగిన చెవి. ముక్కును తోక కింద దాచుకుని, గవ్వలా ముడుచుకుని పడుకుంది.

ఎంత నిద్రో!

వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది.

"దారం లేకుండా ఏం కుడుతున్నావే అమ్మాయ్? గాలికి జేబులా?"

ఆమె నవ్వింది. కాలు మాత్రం ఆపలేదు.

ఆపితే అది లేచిపోతుంది.

*

ఆమె దర్జీ. వీధి వైపు కిటికీ ఉన్న గది, కిటికీ కింద మిషను, మిషను పక్కన కత్తిరింపు బల్ల. వెనక గదిలో అత్తగారు. భర్త లారీ డ్రైవరు — వచ్చినప్పుడు వస్తాడు. ఎదురుచూడటం ఆ ఇంటికి కొత్తేం కాదు.

ఆ ఇంటికి కుక్కలు చుట్టపుచూపుగా వస్తాయి.

జంతువుల ఆసుపత్రి డాక్టరమ్మ తీసుకొస్తుంది. రోడ్ల మీద దెబ్బలు తిన్నవి, ఎవరో వదిలేసి పోయినవి. పుండ్లు మానేదాకా, మనుషులంటే బెదురు పోయేదాకా, ఎవరో ఒకరు వచ్చి "మేం పెంచుకుంటాం" అనేదాకా ఇక్కడుంటాయి. తర్వాత వెళ్ళిపోతాయి. ఇంటి ఓనరు ముందే చెప్పాడు — ఒకటంటే ఒకటే, రెండోది కనిపిస్తే మీరూ కుక్కలూ కలిసి వీధిలోకే అని. కాబట్టి ఒకటి వెళ్తేనే ఇంకొకటి వచ్చేది.

వచ్చిన ప్రతిదానికీ ఆమె కత్తిరింపు ముక్కలు కలిపి ఒక బొంత కుడుతుంది. వెళ్ళేటప్పుడు బొంత కూడా వెంట వెళ్తుంది. కొత్త ఇంట్లో కొన్నాళ్ళు ఈ ఇంటి వాసన తోడుంటుందని.

పేరు మాత్రం పెట్టదు. పేరు పెట్టే హక్కు వెళ్ళబోయే ఇంటిది. ఇక్కడ వచ్చినవన్నీ చుట్టాలే. "చుట్టం తిందా?" "నీ చుట్టం నా చెప్పు కొరికిందే, వచ్చి చూడు!" అని అత్తగారి కేకలు. కేకలేసిన మనిషే తన పళ్ళెంలోంచి ఒక ముద్ద దాచి, ఎవరూ చూడట్లేదనుకుని, మంచం కింద పెట్టేది.

ఎన్నో వచ్చాయి. ఎన్నో వెళ్ళాయి. ప్రతిసారీ ఆమె కళ్ళు తుడుచుకుంది, ప్రతిసారీ కొత్త బొంతకు ముక్కలు ఏరింది.

ఈ చుట్టం మాత్రం వెళ్ళి తిరిగొచ్చింది.

రెండుసార్లు.

*

అసలు దీన్ని అడిగేవాళ్ళే తక్కువ. డాక్టరమ్మ ఫోటోలు తీసి అందరికీ పంపేది. కూనల్ని వెంటనే అడుగుతారు. తెల్లగా బొచ్చుగా ఉన్నవాటిని అడుగుతారు. ఈ చుట్టం ఏ ఫోటోలోనూ ఎదురుగా చూడలేదు. ఎప్పుడూ మొహం పక్కకే, తెగిన చెవి నిక్కబొడిచి... ఏదో దూరపు మాట వింటున్నట్టు.

అయినా ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం వచ్చి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక కొత్తగా పెళ్ళయిన జంట తీసుకెళ్ళింది. వాళ్ళూ మంచివాళ్ళే, వీళ్ళూ మంచివాళ్ళే. తిరిగి తెచ్చినప్పుడు చెప్పింది ఒకటే మాట — నిద్రపోదు, మమ్మల్ని పోనివ్వదు. ఇల్లంతా తిరుగుతుంది. గోడలు గీరుతుంది.

"మా ఇంట్లో హాయిగా పడుకుంటుందే!" అంది ఆమె.

నమ్మలేదు. ఎలా నమ్ముతారు? కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుని ఉంటారు.

ఆమె లోలోపల ఇంకో మాట అనుకుంది. పైకి అనలేదు.

నేను లేకపోతే దానికి నిద్ర పట్టదు.

ఎంత తీపి మాట! ఆ మాటను చప్పరిస్తూ చాలా రోజులు కుట్టింది. స్కూళ్ళు తెరిచే కాలం, గది నిండా యూనిఫారాల గుట్ట. పొద్దుట్నుంచి లైట్లు వేసేదాకా మిషను ఆగేది కాదు. చుట్టం కాలి పక్కనే, పెడల్ పక్కనే... గవ్వలా. రాత్రి అది లేచి తిరిగినా, పగటి నిద్ర చాలిందిలే అనుకునేది.

అప్పుడే ఒక పేరు నోట్లో పుట్టింది. ఆమె దాన్ని నాలుక కింద దాచుకుంది. అత్తగారికి కూడా చెప్పలేదు.

*

ఒకరోజు మిషను బెల్టు తెగింది.

బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు. పోనీలే, ఒక పూట విశ్రాంతి అనుకుని ఆమె నేల మీద చతికిలబడింది. చుట్టాన్ని ఒళ్ళోకి లాక్కుంది. తల నిమిరింది.

చుట్టం పడుకోలేదు.

లేచింది. తిరిగింది. గోడకు చెవి ఆనించింది. గీరింది. మళ్ళీ తిరిగింది. ఆమె వైపు చూసింది — చూసి, ఆమెను దాటి మిషను వైపు చూసింది.

ఆమె అక్కడే ఉంది. చేతులున్నాయి, ఒడి ఉంది, వాసన ఉంది. అయినా నిద్ర లేదు.

సాయంత్రం వాన పడింది. రేకు చూరు మీద...

టక టక టక టక.

చుట్టం ముక్కును తోక కింద పెట్టుకుంది. నిద్రపోయింది.



"నన్ను చూసి కాదత్తయ్యా," అంది ఆమె. "చప్పుడు విని."

అత్తగారు తలుపుకు ఆనుకుని నిలబడింది. "ఇది ఎక్కడ దొరికిందో డాక్టరమ్మ చెప్పింది కదే," అంది.

చెప్పింది. మూతపడిన బట్టల మిల్లు గేటు దగ్గర. ఆ మిల్లులోనే పుట్టి ఉంటుంది — వరసగా నడిచే మిషన్ల కింద, రాలిన దారప్పోగుల్లో. తర్వాత మిల్లు మూసేశారు. మిషన్లను లారీలకెత్తారు. మనుషులు వేరే పనులు వెతుక్కుంటూ పోయారు.

దీనికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది ఇంకా వింటూనే ఉంది.

ఆమెకు ఏడుపొచ్చింది. దాని కోసం కొంత, తన కోసం కొంత. ఇన్నాళ్ళూ అది తన కోసమే తిరిగొస్తోందని మురిసిపోయింది. పిచ్చి మొహం!

మర్నాడు కొత్త బెల్టు పడింది. యూనిఫారాల కాలం మాత్రం అయిపోయింది, కుట్టడానికి బట్టల్లేవు. ఆమె దారం తీసేసి, పాత దుప్పటి ముక్క పెట్టి, ఊరికే మిషను నడపడం మొదలుపెట్టింది.

చుట్టాన్ని చూడ్డానికి వచ్చిన రోజున డాక్టరమ్మ అంది — "ఈసారీ తిరిగొస్తే ఇంకెవరికీ చూపించనక్కా. నీ దగ్గరే ఉంచేసుకో."

జాలితోనే అంది. ఆసుపత్రిలో ఒక మూడు కాళ్ళ కూన ఈ నేల ఖాళీ అవడం కోసం బోనులో కూర్చుని ఉందని కూడా ఆవిడే చెప్పింది.

ఆమె చెవిలో మొదటి మాటే నిలిచింది.

ఈసారీ తిరిగొస్తే...

చప్పుడు సంగతి డాక్టరమ్మతో చెబుదామనుకుంది. రేపు చెబుదాంలే అనుకుంది.

*

రిటైరైన పోస్టుమాన్ వచ్చాడు.

గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. ఉద్యోగమంతా గుమ్మాల దగ్గరే గడిపిన మనిషి, లోపలికి అడుగుపెట్టడం అలవాటు లేదు. మెట్టు మీదే కూర్చున్నాడు.

"ఈ ఊళ్ళో నన్ను తరమని కుక్క లేదమ్మా," అన్నాడు. "ఎన్ని ప్యాంట్లు చిరిగాయో! తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అవే వీధుల్లో నడుస్తుంటే ఒక్కటీ తలెత్తి చూడదు. ఆ చొక్కా విప్పేశాక నేనెవరో వాటికి తెలీదు."

"బాగుంది వరస! అప్పుడు కుక్కలు నీ వెంటపడ్డాయి, ఇప్పుడు నువ్వు కుక్క వెంటపడ్డావా నాయనా," అంది అత్తగారు.

ఆయన పగలబడి నవ్వాడు. ఒంటరిగా ఉండే మనిషి నవ్వు — ఆగడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

చుట్టం వచ్చింది. ఆయన చెప్పులు వాసన చూసింది. మొరగలేదు.

"ఒక్కసారి మొరగొచ్చుగా," అన్నాడు దానితో, మెల్లగా.

అది ఆయన అరచేతిలో గడ్డం పెట్టింది.

ఆమె మనసు చివుక్కుమంది.

"నేను తెలుసుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా అమ్మా?"

ఆమె చెప్పింది. ఏ పూట ఏం తింటుందో చెప్పింది. చెవిలో మందు చుక్కలు ఎలా వేయాలో చెప్పింది. గొడుగు విప్పితే మంచం కిందికి దూరుతుందని, బతిమాలితే రాదని, పట్టించుకోకుండా ఉంటే తనే వస్తుందని చెప్పింది.

ఒక్కటి చెప్పలేదు.

నోటిదాకా వచ్చింది. మింగేసింది.

అత్తగారు ఆమె మొహం వంక చూసింది. ఏమీ అనలేదు. అంత నోరున్న మనిషి ఏమీ అనకపోవడం ఆమెకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

బొంత మడిచి ఆయన చేతికిచ్చింది. వీధి మలుపులో చుట్టం ఒకసారి ఆగి వెనక్కి చూసింది. తనను చూసిందనే ఆమె అనుకుంది... కిటికీ కింద మిషను కోసమేమో.

*

నేల ఖాళీ.

డాక్టరమ్మ కూనను పంపనా అని అడిగింది. "కొన్నాళ్ళు ఆగండి," అంది ఆమె. "అక్కడ చుట్టం కుదురుకోనీండి."

పైకి ఆ మాట. లోపల వేరే మాట.

ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చునేది. మోగితే అదిరిపడేది. గుండీలు ఊడినవాళ్ళు, జిప్పులు పాడైనవాళ్ళు, కర్టెన్లు పొట్టివైపోయినవాళ్ళు... ఊరంతా ఫోను చేసింది. ఆయన తప్ప.

బల్ల కింద చుట్టం వెంట్రుకలు కనిపించేవి. ఊడవబోయి చీపురు పక్కన పెట్టేసేది.

మబ్బు పట్టింది.

ఆ మబ్బు ఆయన ఇంటి మీద కూడా ఉంటుంది. వాన పడితే ఆ చూరు కూడా చప్పుడు చేస్తుంది. చుట్టం పడుకుంటుంది. అక్కడే పడుకుంటుంది. ఇక అదే దాని ఇల్లవుతుంది.

ఆమె కిటికీలోంచి ఆకాశం చూసి గొణిగింది —

"పడకు."

వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఛీ ఛీ, ఎంత మాట! దాని నిద్ర చెడితే గాని తన కోరిక తీరదా?

వాన పడలేదు.

*

ఫోను మోగలేదు. ఆయనే వచ్చాడు.

గుమ్మం బయట నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా, గడ్డం మాసి.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. ఆయన వెనక వెతికింది. తాడు లేదు, బొంత లేదు, కుక్క లేదు.

"ఏదీ?"

"ఇంట్లోనే ఉంది. పక్కింటావిణ్ణి కూర్చోబెట్టొచ్చాను. తిరిగివ్వడానికి రాలేదమ్మా, అడగడానికొచ్చాను." ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "నిద్రపోవడం లేదది. రేడియో పెట్టాను. పాట పాడాను — నా పాటకి పక్కింటివాళ్ళు లేచారు గానీ ఇది పడుకోలేదు. గోడకి చెవి ఆనించి ఏదో వింటుంది. నేనూ వెళ్ళి పక్కనే చెవి ఆనించాను. నాకేం వినపడలేదు. ఏం వింటుందమ్మా అది? మీకు తెలిసుంటుందని..."



ముందు వచ్చినవాళ్ళు నిద్రపోదని తెచ్చి ఇచ్చేశారు. ఈయన వెళ్ళి దాని పక్కన గోడకు చెవి ఆనించాడు.

ఇప్పుడైనా ఊరుకోవచ్చు. ఏమోనండీ, నాకేం తెలుసు అనొచ్చు. ఇంకొన్నాళ్ళు పోతే ఈ పెద్దాయన అలిసిపోతాడు. అప్పుడు చుట్టం... అప్పుడు ఎప్పటికీ...

ఆమె మిషను ముందు కూర్చుంది. సూదిలోంచి దారం లాగేసింది. కాలు కదిపింది.

టక టక టక టక.

"ఇదండీ," అంది. "దీని కోసం వింటుంది. నాకు ముందే తెలుసు. ఆ రోజు చెప్పలేదు."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

వెనక గదిలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. అత్తగారు మంచం కింద నుంచి తన పాత చేతిమిషను లాగుతోంది. పెళ్ళయిన కొత్తలో కొనుక్కున్నది. ఎవరినీ ముట్టుకోనివ్వనిది — కోడలిని కూడా.

"ఈ చేతులతో నేనెలాగూ ఇక కుట్టలేను," అంది రొప్పుతూ. "తీసుకెళ్ళు నాయనా. ఈ పిడి పట్టుకుని తిప్పడమే, కుట్టు రానక్కర్లేదు. దారం మాత్రం ఎక్కించకు. ఎక్కించావంటే మీ వీధంతా చినిగిన లాగులు పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడతారు."

ఆయన మొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

మిషనును పార్సిల్ ఎత్తినట్టు భుజానికెత్తుకున్నాడు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"దాన్ని మీరేమని పిలిచేవారమ్మా? నేనింకా ఏ పేరూ పెట్టలేదు. మీరు అలవాటు చేసిన పేరుంటే అదే ఉంచేద్దామని..."

నాలుక కింద ఆ పేరు కదిలింది.

ఇచ్చేయొచ్చు. ఇస్తే ఆ ఇంట్లో రోజూ వినపడుతుంది. అది తోక ఊపుతుంది. ఇవ్వకపోతే... అదొక్కటన్నా తన దగ్గర మిగులుతుంది.

"ఏమీ పిలవలేదండీ," అంది. "పేరు మీరే పెట్టాలి."

*

సాయంత్రం అయింది.

కూనను తీసుకురమ్మని ఆమే డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే వస్తుంది. కొత్త బొంత కుట్టాలి. ముక్కలు కత్తిరించి పెట్టుకుంది. ఇక దారం ఎక్కించడమే.

ఎక్కించలేదు ఇంకా.

మళ్ళీ మబ్బు. గాలి తిరిగింది.

ఊరికి అవతల ఒక ఇంట్లో, కుట్టు రాని మనిషి పిడి తిప్పుతూ ఉంటాడు. అది పడుకుందో... పడుకోలేదో. ఫోను మోగలేదు. మోగకపోతే పడుకున్నట్టే. మోగితే ఏ మాట వినాలని తనకు ఉందో ఆమెకే తెలీదు.

కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది.

"పడు," అంది వానతో. "ముందు అక్కడ పడు."

అరచేతిలో చినుకు పడలేదు.

మిషను ముందు కూర్చుంది. కాలు దానంతటదే కదిలింది. సూది దిగుతోంది, లేస్తోంది. గుడ్డ మీద వరసగా చిల్లులు.

"గవ్వా..."

మొదటిసారి పైకి అంది.

వెనక గదిలో అత్తగారు వింది. గాలికి జేబులు కుడుతున్నావా అని ఈసారి అడగలేదు.

కాలి పక్కన నేల చల్లగా ఉంది.

దారం లేకుండా మిషను నడుస్తోంది.