భూలక్ష్మి చెయ్యి

రఘునాథపల్లికి కాస్త ఎడంగా ఉన్న ఆ ఊళ్లో ఏ పిల్లను బడికి పంపాలో, ఏ పిల్లను ఇంట్లో ఉంచాలో తేల్చేది భూలక్ష్మి కుడి చెయ్యి. పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే తల్లులు, ఒంట్లో బాగాలేని పిల్లలను రెక్క పట్టుకుని తెచ్చి ఆమె వాకిట్లో ఆగేవారు. ఆమె చేతిని తిరగేసి పిల్లల మెడ కింద ఆనించేది. చల్లగా తగిలితే "బడికి తోలు" అనేది, కాలితే "ఇంట్ల ఉంచు" అనేది. దానికి ఇక అప్పీలు లేదు. కాళ్లు గుంజుతున్నాయనో, దగ్గు వస్తుందనో పిల్లలు చెప్పబోతే వినేదే కాదు. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు ఎన్ని వేషాలైనా వేస్తారని ఆమె గట్టి నమ్మకం. ఊళ్లో థర్మామీటర్లు లేక కాదు, వాటిని నమ్మేవాళ్లు లేక.

ఆ చెయ్యికి ఈసారి సొంత మనవరాలి దగ్గరే పని పడింది. కొడుకు యుగేందర్, కోడలు హైదరాబాదులో కట్టడం పనికి పోతూ మూడో తరగతి చదివే అమూల్యను ఆమె దగ్గర ఉంచారు. పిల్ల ఒళ్లు పెనంలా కాలింది. భూలక్ష్మి బడి మాన్పించింది, తానూ పని మానుకుంది. చేలో పత్తి పగిలి నేల రాలుతున్నా తడిగుడ్డ పట్టుకుని పిల్ల పక్కనే కూర్చుంది. జనగామ తీసుకుపోయి రక్తపరీక్ష కూడా చేయించింది. ఆమెకు పిల్ల మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే అన్నవాళ్ల నోరు పడిపోవాలి.

"డెంగీ వచ్చిందమ్మా. జ్వరం తగ్గాకే అసలు జాగ్రత్త. బడికి పంపొద్దు. కడుపు నొచ్చినా, వాంతులైనా వెంటనే తీసుకురా" అన్నాడు అక్కడి డాక్టరు. భూలక్ష్మి తల ఊపింది. తగ్గినంక ఇంకేం జాగ్రత్త, నీరసానికి చెప్తుండు అనుకుని బయటికి వచ్చింది.

ఒకనాడు పొద్దున చూస్తే పిల్ల మెడ చల్లగా తగిలింది. ఆ సంతోషానికి భూలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. వేపాకు వేసి కాచిన నీళ్లు పోసింది. పత్యానికి మెత్తగా అన్నం వండి బీరకాయ కూర కలిపి పెట్టింది. పిల్ల రెండు బుక్కలు తిని కంచం పక్కకు జరిపింది.

"అవ్వా, కడుపు నొస్తుంది. ఇయ్యాల బడికి పోను."

భూలక్ష్మి నవ్వింది. "ఇన్ని దినాలు నా ఒళ్లె పండుకొని మరిగినవ్. జరం ఇడిసినంక ఇంకేం నొప్పి? నడువ్."

ఆకాశంలో మొగులు పట్టి ఉంది. వాన పడితే పత్తి మొత్తం నల్లబడిపోతుంది. ఇంట్లో ఒంటరిగా పడుకోబెట్టి పోయేకంటే బడిలో ఉంటే టీచరమ్మ కంటి ముందు ఉంటుంది కదా అని కూడా అనుకుంది. ఊళ్లో ఏ తల్లిని అడిగినా అదే మాట చెప్పేది. అమూల్య ఒక చేత్తో పొట్ట పట్టుకుని సందు మలుపు తిరిగింది. భూలక్ష్మి అది చూసింది. చూసి కూడా చేను దారి పట్టింది.

మధ్యాహ్నం గట్టు మీద సద్దిమూట విప్పుతుంటే ఫోను మోగింది. బడిలో పుష్ప టీచరు.

"అవ్వా, అమూల్య వాంతులు చేసుకుంటుంది. లేస్తలేదు. చేతులు చల్లగున్నయ్. మేం జనగామకు తీస్కపోతున్నం, నువ్వు అక్కడికే రా."

"చల్లగనే ఉంది గద టీచరమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అంది భూలక్ష్మి. ఆ మాట తరువాత ఎన్నిసార్లు ఆమె చెవుల్లో తిరిగిందో లెక్కలేదు.

దవాఖానలో అదే డాక్టరు. "జ్వరం ఎప్పుడు తగ్గింది?"

"ఇయ్యాల పొద్దుగాల. నేనే చేయి పెట్టి చూసిన."

డాక్టరు పిల్ల నాడి మళ్లీ పట్టి చూశాడు. "ఈ జబ్బులో ఒళ్లు చల్లబడ్డప్పుడే లోపల ప్రమాదం మొదలవుతుందమ్మా. బీపీ దొరకట్లేదు. మా ప్రయత్నం చేస్తున్నాం."

భూలక్ష్మి మంచం దగ్గరకు పోయి పిల్ల మెడ కింద చెయ్యి ఆనించింది. పొద్దున తాను మురిసిపోయిన ఆ చల్లదనమే ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. కాలిపో తల్లీ, మళ్లీ కాలిపో అని పిల్ల చెవిలో గొణిగింది. పొద్దుగూకకముందే అమూల్య పోయింది.

యుగేందర్ భార్యతో ఆ తరువాత వచ్చాడు. ఏడ్చి ఏడ్చి చివరికి ఒకే ఒక మాట అడిగాడు.

"ఏమన్న నొస్తుందని నీతోని చెప్పలేదా అమ్మా?"

"చెప్పింది బిడ్డా" అంది భూలక్ష్మి. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచనైనా లేదు.

దినాలు అయిపోయాక ఒక పొద్దున పక్కింటి శ్వేత అలవాటు కొద్దీ కూతురిని రెక్క పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వచ్చాక గుర్తొచ్చి నాలుక కరుచుకుని వెనక్కి తిరిగింది.

"ఆగు" అంది భూలక్ష్మి అరుగు మీద నుంచి. కుడి చెయ్యిని కొంగులో చుట్టుకుని దిగి వచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "నీకేమైతుంది బిడ్డా? నువ్వే చెప్పు."

పిల్ల తన తల్లి వంక చూసింది. భూలక్ష్మి ఆ ప్రశ్న ఏ పిల్లనూ అడగగా ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. "తలకాయ నొస్తుందవ్వా" అంది భయంభయంగా.

"ఒళ్లు చల్లగనే ఉంది పెద్దమ్మా" అంది శ్వేత.

"ఉండనియ్" అంది భూలక్ష్మి. "దవాఖానల చూపియ్యి. ఇయ్యాల బడికి తోలకు."