మూడు నెలల సిఫారసు

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో వికారాబాద్‌లో ఒక చిన్న లైబ్రరీకి నేను లైబ్రేరియన్ని. జీతం తక్కువ, గౌరవం ఎక్కువ. ఆ గౌరవం ఎట్లా వచ్చిందో నాకు తెలుసు కనుక, ఎవరైనా నమస్తే పెడితే కాస్త తల దించుకునేవాణ్ణి. జనం దాన్ని వినయం అనుకునేవారు.

కథలూ నవలలూ కాని కొత్త పుస్తకాలను నెలనెలా పాఠకులకు సిఫారసు చేయాలని పైనుంచి ఒక కాగితం వచ్చింది. గుమ్మం పక్కన నల్లబోర్డు తగిలించి, పుస్తకానికి రెండు మూడు వాక్యాలు రాసేవాణ్ణి. చదివి కాదు. నేను చదివేవి అపరాధ పరిశోధన నవలలు, అదీ రిజిస్టరు చాటున. కొత్త పుస్తకం వస్తే అట్ట చూసి, విషయసూచిక చూసి, సుద్దముక్క అందుకునేవాణ్ణి. తేనెటీగల పెంపకం మీద పుస్తకమొస్తే "చదువుతుంటే నోరూరుతుంది" అని రాశాను. పైన పటారం, లోన లొటారం. అయినా రాజేశం సారు చదవని పుస్తకం లేదని ఊళ్లో పేరు. నేను కాదనలేదు.

ఆ వానాకాలం క్షయరోగం మీద ఒక పుస్తకం వచ్చింది. ప్రెస్సులో అంచులు కోయలేదు, పేజీలు నాలుగేసి కలిసే ఉన్నాయి. కూర్చుని కోయడానికి నాకు బద్ధకం. అదృష్టం కొద్దీ విషయసూచిక బయటికే ఉంది. అందులో ఒక అధ్యాయం పేరు 'మూడు నెలల తర్వాత'. నాకు అది చాలు. "క్షయ అంటే ఇక భయం లేదు. మూడు నెలల్లో నయం. తప్పక చదవండి" అని గుండ్రటి అక్షరాలతో రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను. పుస్తకం మాత్రం ఎవరూ తీసుకుపోలేదు.

దసరా దాటాక ఒక పొద్దున, ధారూర్ వైపు నుంచి వచ్చే బండి దిగి ఒక పెద్దావిడ సీతాఫలాల గంపతో లోపలికొచ్చింది. పేరు భాగమ్మ. కూతురు ఎంకమ్మ అనంతగిరి గుట్ట మీది దవాఖానాలో క్షయకు మందు తీసుకుంటోంది. వారం వారం చూడడానికి వస్తూ, స్టేషన్ హమాలీ అంజిలయ్యతో నా బోర్డు చదివించుకుందట.

"సారూ, నువ్వు రాసినట్టే అయింది. మూడు నెలలు నిండినయి, దగ్గు బందైంది. ఇయ్యాల నా బిడ్డను ఇంటికి తోల్కపోత."

"డాక్టర్ సాబ్ పొమ్మన్నడా?"

"ఇంక ఉండాలంటడు. ఆయన ఎప్పుడు గట్లనే అంటడు. గీడ రాసి ఉన్నది గద. ఇంటికాడ దాని పిల్ల నాలుగేండ్లది, అమ్మ ఎప్పుడొస్తదని రోజు అడుగుతది."

అంటూనే పండ్లు ఒక్కొక్కటి నా మేజా మీద పెడుతోంది.

"జర కూసో పెద్దమ్మా" అని పుస్తకం తీశాను. స్కేలు పెట్టి ఆమె ముందే పేజీలు కోయసాగాను. తొందరలో రెండు చోట్ల చిరిగింది.

"గవెందుకు అంటుకొని ఉన్నయి?" అనడిగింది.

"ఎవ్వరూ తెరువలేదు."

"నువ్వు గూడనా?"

'మూడు నెలల తర్వాత' అధ్యాయం తీసి మనసులో చదువుకున్నాను. మూడు నెలలయ్యేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు చేస్తుంది, రోగి నయమైందనుకుని ఇంటికి పోతాడు. అన్నిటికంటే ప్రమాదం అదే. జబ్బు తిరగబెడితే అవే మందులు మళ్లీ పనిచేయకపోవచ్చు. ఏడాదిన్నర ఆపకుండా వాడాలి.

అంత సిగ్గు నా బతుకులో ఎన్నడూ ఎరగను. అబద్ధాలైతే నాలుక మీదే ఉన్నాయి. అచ్చుతప్పు అనొచ్చు, అంజిలయ్య తప్పు చదివాడనొచ్చు. ఆ విద్యలో నాకు ఎవరూ సాటి రారు. కానీ ఆమె గుట్టకు పోవడానికి లేచి నిలబడింది.

"పెద్దమ్మా, నేను సదువకుండనే రాసిన. మూడు నెలలు కాదు, ఏడాదిన్నర. ఇప్పుడు తోల్కపోతే మీ బిడ్డ పాణానికి ముప్పు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆమె మెల్లగా మళ్లీ కూర్చుంది.

"అయితే సారూ, నయమైతదని రాసినవ్ గద. గది గూడ ఉత్తదేనా?"

నాకు తెలియదు. ఊరందరికీ సలహాలు రాసిన నాకు ఆ ఒక్క ముక్క తెలియదు. పుస్తకం మొదటి పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పేపరు కోసం వచ్చినవాళ్లను వెనక్కి పంపేశాను. అర్థం కాని చోట ఆమె ఆపి అడిగేది. నాకూ అర్థం కాలేదని ఒప్పుకుని, మళ్లీ చదివేవాణ్ణి. పగటి బండి వచ్చి పోయాక ఆ వాక్యం దొరికింది. మందు చివరిదాకా వాడినవాళ్లలో ఎక్కువమంది బాగుపడి ఇంటికి చేరతారు.

"గిది పుస్తకంల ఉన్నదా, నువ్వు అంటున్నవా?"

"పుస్తకంల ఉన్నది."

"ఏడున్నదో సూపియ్యి."

ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ వరుస మొదట్లో పెట్టాను. ఒక్కో మాట కిందికి జరుపుతూ మళ్లీ చదివాను. భాగమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు, పుస్తకాన్నే చూసింది. వరుస అయిపోయాక వేలు తనే మొదటికి తెచ్చుకుంది.

"మల్ల సదువు సారూ. ఇంటికాడ పిల్లకు గిదే చెప్పాలె, ఒక్క మాట గూడ పోవద్దు."