ఫ్యాను కింద రోగులు

ఏరా అల్లుడూ, సూదంటే గోడ దూకే వీరుడివి కదా, ఇలా వచ్చి విను. ఊళ్ళో కొత్తగా కట్టిన చిన్నాసుపత్రిలో నర్సమ్మకు పిచ్చెక్కిపోతోంది. పొద్దున్నే ముసలాళ్ళు వరండా బల్లలన్నీ ఆక్రమించి, ఫ్యాను కింద పేకాడుకుంటున్నారు. పరీక్షలకొచ్చిన నిండు చూలాళ్ళేమో గోడకానుకుని నిలబడుతున్నారు. లేవమని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"ఏ జబ్బని వచ్చావు తాతా?" అని ఓ రోజు నర్సమ్మ ఒకాయన్ని నిలదీసింది.

"ఉక్కపోత జబ్బమ్మా," అన్నాడు ముక్కలు పంచుతున్న దర్జీ తాత.

నర్సమ్మకు ఒళ్ళు మండింది. "రేపట్నుంచి ఈ బల్లల మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ సూది పొడుస్తా!" అని బెదిరించింది. ముసలాళ్ళు ముక్కలు సర్దుకుని గబగబా లేచిపోయారు. పీడ వదిలిందనుకుంది పిచ్చితల్లి.

మర్నాడు వచ్చి చూస్తే గేటు దాకా జనం. బల్లల మీద ముసలాళ్ళు, పక్కన వాళ్ళ పెళ్ళాలు, వియ్యంకులు, అందరూ చేతులు చాపుకుని సిద్ధంగా కూర్చున్నారు.

"సూది వేస్తావని ముందే చెప్పొద్దూ తల్లీ!" అన్నాడు దర్జీ తాత నిష్ఠూరంగా. "ఉత్త మాత్రలిచ్చి పంపేస్తావనేగా, ఇన్నాళ్ళూ జబ్బులు దాచుకుని పేకాడుకుంటున్నాం!"